ఏ జన్యువు? ఎక్కడిది? ఎందులో పెట్టారు?

జన్యు ఇంజనీరింగ్ మీద ప్రశ్నలు పంపమని పోయిన నెల అడిగాం. వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా అడిగింది ఒకటే: 'జీఎం (జన్యువు మార్చినది) మంచిదా, చెడ్డదా?' దీనికి ఒక్క ముక్కలో జవాబు చెప్పేవాళ్లను నేను నమ్మను. ఏ జన్యువు, ఎక్కడి నుంచి తెచ్చారు, ఎందులో పెట్టారు, అక్కడ అది ఏం చేస్తోంది? ఇవి తెలిశాకే నోరు విప్పుతాను. హైదరాబాద్‌లో ఒక టీకాల కంపెనీ ల్యాబ్‌లో పనిచేసి, తర్వాత గుంటూరులో డిగ్రీ పిల్లలకు ప్రాక్టికల్స్ చెబుతూ రిటైరైనదాన్ని. పల్నాడు పత్తి రైతు కూతుర్ని కూడా. కాబట్టి ఈ విషయంలో నాకు ఇష్టాలూ ఉన్నాయి, కోపాలూ ఉన్నాయి. జవాబుల్లో అవి కనిపిస్తే ఏమీ అనుకోవద్దు.

ప్రశ్న: మేడమ్, నేను బీఎస్సీ రెండో సంవత్సరం. రెస్ట్రిక్షన్ ఎంజైములు, లైగేజ్, వెక్టార్, హోస్ట్ అన్నీ బట్టీ పట్టాను. మా కాలేజీలో ప్రాక్టికల్ మొత్తం చార్టు మీదే అయిపోయింది. అసలు ల్యాబ్‌లో ఏది ముందు, ఏది వెనక? కంటికి ఏం కనిపిస్తుంది?
— విద్యార్థిని, ఖమ్మం

ముందే చెబుతున్నానమ్మా, పని చేస్తున్నంతసేపూ కంటికి ఏమీ కనిపించదు. నీళ్లలా ఉండే ఒక చుక్కను నీళ్లలా ఉండే ఇంకో చుక్కలో కలుపుతుంటావు, అంతే. పుస్తకాలు కోయడం, అతకడం గురించి పేజీలకు పేజీలు రాసి, వెతకడం గురించి ఒక పేరాతో సరిపెడతాయి. ల్యాబ్‌లో లెక్క వేరు. కోతా అతుకూ ఒకటి రెండు రోజుల పని. కావాల్సింది దొరికిందో లేదో తేల్చుకోవడానికే వారం పడుతుంది.

ఎకో ఆర్‌వన్ అనే ఎంజైమునే తీసుకో. లోపలికి చొరబడే వైరస్‌ల డీఎన్‌ఏను తుంచెయ్యడానికి ఈ.కోలై బ్యాక్టీరియా పెట్టుకున్న ఆయుధం అది. జి-ఎ-ఎ-టి-టి-సి అనే ఆరక్షరాల వరస ఎక్కడ దొరికితే అక్కడ, జికీ ఎకీ మధ్య కోస్తుంది. రెండు పోగుల్లోనూ ఎదురెదురు దిక్కుల నుంచి కోస్తుంది కాబట్టి ఎ-ఎ-టి-టి అనే నాలుగక్షరాల కొస వేలాడుతూ మిగులుతుంది. అదే ఎంజైముతో కోస్తే కప్ప డీఎన్‌ఏ అయినా, మనిషి డీఎన్‌ఏ అయినా కొస అలాగే ఉంటుంది. అందుకే రెండూ జతపడతాయి. ఆ జతను లైగేజ్ గట్టిగా కలిపేస్తుంది. మరి బ్యాక్టీరియా తన సొంత డీఎన్‌ఏను ఎలా కాపాడుకుంటుందంటావా? ఆ వరసలో ఒక 'ఎ' మీద మిథైల్ గ్రూపు తగిలించుకుంటుంది. ఇక ఎంజైము దాని జోలికి పోదు. పరీక్షల్లో ఇది తరచూ అడుగుతారు, గుర్తుపెట్టుకో.

ఈ జంటనే అందరూ కత్తెర, జిగురు అంటారు. నాకు ఆ పోలిక నచ్చదు. కత్తెర పట్టుకున్న మనిషికి తాను కోస్తున్నది కనబడుతుంది. ఇక్కడేమో చిటికెన వేలంత ట్యూబులో కోట్లకొద్దీ ముక్కలు గుడ్డిగా ఒకదాన్నొకటి తగులుకుంటూ ఉంటాయి. కొన్ని ప్లాస్మిడ్లు (జన్యువును మోసుకెళ్లే చిన్న గుండ్రటి డీఎన్‌ఏలు, నీ పుస్తకంలో వెక్టార్ అన్నది వీటినే) నీకు కావాల్సిన జన్యువును కలుపుకుంటాయి. చాలావాటికి ఆ ఓపిక ఉండదు, తమ రెండు కొసలనూ తామే కలిపేసుకుని ఖాళీగా ఉండిపోతాయి. కొన్నింట్లో జన్యువు తిరగబడి దూరుతుంది. ట్యూబును ఎంత తేరిపార చూసినా ఏది ఏదో తెలియదు.

ఆ కలగాపులగాన్నంతా బ్యాక్టీరియాకు అప్పగిస్తాం. కాల్షియం క్లోరైడ్‌తో సిద్ధం చేసిన ఈ.కోలై కణాలను ఐసులో ఉంచి, ఈ చుక్క కలిపి, అరగంట కదపకుండా వదిలేస్తాం. తర్వాత 42 డిగ్రీల నీళ్లలో నిమిషం పాటు ముంచి, వెంటనే మళ్లీ ఐసులో పెడతాం. ఆ వేడి దెబ్బకు కొన్ని కణాలు ప్లాస్మిడ్‌ను లోపలికి తీసుకుంటాయి. కొన్ని అంటే వేలల్లో ఒకటి, ఒక్కోసారి లక్షల్లో ఒకటి. కొత్తగా వచ్చిన జన్యువు పనిలో పడటానికి వ్యవధి కావాలి కాబట్టి గంటసేపు 37 డిగ్రీల దగ్గర ఉత్త మీడియాలో, అంటే మందు కలపని పోషక ద్రవంలో పెంచి, ఆంపిసిలిన్ అనే యాంటీబయాటిక్ కలిపిన అగార్ ప్లేటు మీద పరుస్తాం. ఆంపిసిలిన్‌ను తట్టుకునే జన్యువు ప్లాస్మిడ్‌లో ముందే పెట్టి ఉంటుంది. ప్లాస్మిడ్ అందిన కణం బతుకుతుంది, అందనిది చస్తుంది.

మర్నాడు పొద్దున ఇన్‌క్యుబేటర్ తలుపు తీస్తే ముందు ఈ.కోలై కంపు ముక్కుకు తగులుతుంది. పిల్లలంతా చున్నీలు, రుమాళ్లు అడ్డం పెట్టుకుంటారు. తర్వాత ప్లేటు చూసి ముక్కు సంగతి మర్చిపోతారు, ఎందుకంటే మొదటిసారి కంటికి ఏదో కనిపించేది అప్పుడే. ఎక్స్‌గాల్ అనే, నీలం రంగుగా మారే పదార్థం కలిపిన ప్లేటయితే నీలం చుక్కలు కొన్ని, తెల్ల చుక్కలు కొన్ని ఉంటాయి. నీలం రంగు తెప్పించే జన్యువు ప్లాస్మిడ్‌లో ఉంటుంది. మనం తెచ్చిన ముక్క సరిగ్గా దాని మధ్యలో దూరి దాన్ని పాడుచేస్తే కాలనీ (ఆ బ్యాక్టీరియా చుక్క) తెల్లగా వస్తుంది. అంటే మనకు కావాల్సింది తెల్లవి. పెద్ద కాలనీ చుట్టూ ఆవగింజలకన్నా చిన్నవి గుంపుగా కనిపిస్తే వాటిని ముట్టుకోవద్దు. పెద్ద కాలనీ బయటికి వదిలిన ఎంజైము చుట్టుపక్కల ఆంపిసిలిన్‌ను విరగ్గొట్టేస్తుంది. ఆ నీడలో ఏ ప్లాస్మిడూ లేకుండా బతికేసిన బాపతు అవి.

తెల్ల కాలనీని నమ్మేసి ఊరుకోం. దాన్ని రాత్రంతా పెంచి, ప్లాస్మిడ్ బయటికి తీసి, ఎంజైముతో మళ్లీ కోసి జెల్ మీద కరెంటు పెట్టి నడుపుతాం. ఫాస్ఫేట్ల వల్ల డీఎన్‌ఏకు రుణావేశం ఉంటుంది, కాబట్టి ధనావేశం ఉండే ఎర్ర వైరు వైపు పరుగెత్తుతుంది. చిన్న ముక్కలు ముందు, పెద్దవి వెనక. ఏటా ఒక బ్యాచ్ వైర్లు తిప్పి పెట్టి, కష్టపడి తీసిన డీఎన్‌ఏను జెల్ వెనక నుంచి బఫర్‌లో కలిపేసేది. అలా పోగొట్టుకున్న వాళ్లు డీఎన్‌ఏ ఆవేశం ఏమిటో జన్మలో మర్చిపోరు. అనుకున్న సైజులో రెండు గీతలు కనిపిస్తే సంతోషం. ఆ పైన సీక్వెన్సింగ్‌కు పంపి అక్షరం అక్షరం సరిచూసుకుంటేనే పని అయినట్టు.

ఇదంతా మొదలైంది 1972లో, హవాయిలో జరిగిన ఒక సదస్సు రాత్రి, ఫలహారశాలలో. స్టాన్లీ కోహెన్ అనే శాస్త్రవేత్త దగ్గర ప్లాస్మిడ్లు ఉన్నాయి, హెర్బర్ట్ బోయర్ అనే ఇంకో శాస్త్రవేత్త దగ్గర ఎకో ఆర్‌వన్ ఉంది. మాటల్లో ఇద్దరికీ ఒకరి సరుకు ఇంకొకరికి అవసరమని తెలిసింది. మరుసటి ఏడాదికల్లా రెండు ప్లాస్మిడ్ల ముక్కలు కలిపి బ్యాక్టీరియాలో పెంచి చూపించారు. ఆ వెంటనే కప్ప జన్యువును కూడా పెట్టారు. అంతకుముందే పాల్ బెర్గ్ రెండు వేర్వేరు వైరస్‌ల డీఎన్‌ఏలను ట్యూబులో కలిపాడు. 1975లో కాలిఫోర్నియాలోని అసిలోమార్‌లో ఆ శాస్త్రవేత్తలే కూర్చుని, 'ముందు జాగ్రత్తలు రాసుకుందాం, తర్వాత ముందుకు పోదాం' అనుకున్నారు. ఈ సంగతి మన సిలబస్‌లో ఒక్క వాక్యంలో ముగిసిపోతుంది. నాకైతే అది రెండు మార్కుల ప్రశ్న కాదు.

ప్రశ్న: మా అమ్మకు డెబ్బై ఏళ్లు, షుగరు. ఇన్సులిన్ పంది నుంచి తీస్తారని పక్కింటావిడ చెప్పినప్పటి నుంచి ఇంజెక్షన్ వద్దని మొండికేస్తోంది. నిజమేనా?
— పాఠకుడు, రాజమండ్రి

పక్కింటావిడ చెప్పింది ఒకప్పటి మాట. 1922 నుంచి అరవై ఏళ్ల పాటు ఇన్సులిన్‌ను కబేళాల నుంచి తెచ్చిన పందుల, ఆవుల క్లోమ గ్రంథుల నుంచే తీసేవారు. మన ఇన్సులిన్‌లో 51 అమైనో ఆమ్లాలు ఉంటాయి. పందిదానికి ఒక్కచోట తేడా, ఆవుదానికి మూడుచోట్ల. ఆ కాస్త తేడాకే కొందరికి ఎలర్జీ వచ్చేది.

ఇప్పుడు మీరు చేయాల్సిన పని ఒకటే. ఫ్రిజ్‌లోంచి ఇన్సులిన్ పెట్టె తీసి అమ్మగారి ముందు పెట్టండి. సీసాలో వచ్చే మామూలు 30/70 రకమైతే పేరు కింద సన్నక్షరాల్లో 'ఆర్‌డీఎన్‌ఏ ఆరిజిన్' అని ఉంటుంది. మనిషి ఇన్సులిన్ జన్యువును ఈ.కోలైలోనో ఈస్ట్‌లోనో పెట్టి, పెద్ద పెద్ద స్టీలు ట్యాంకుల్లో పెంచి తీశారని దాని అర్థం. పందీ లేదు, ఆవూ లేదు.

అమెరికాలో జెనెన్‌టెక్ అనే కంపెనీ, సిటీ ఆఫ్ హోప్ అనే వైద్య సంస్థ పరిశోధకులు కలిసి 1978లో దీన్ని సాధించారు. వాళ్ల ఉపాయం నాకు చాలా ఇష్టం. మనిషి జన్యువుల్లో పనికొచ్చే ముక్కల మధ్య పనికిరాని ముక్కలు ఉంటాయి. వాటిని ఏరి పారేసే ఏర్పాటు బ్యాక్టీరియాకు లేదు. మనిషి కణం నుంచి జన్యువు తీసి ఉన్నదున్నట్టు పెడితే అది చదవలేక బిక్కమొహం వేస్తుంది. అందుకని వాళ్లు ఇన్సులిన్‌లో ఉండే రెండు గొలుసులకు కావాల్సిన డీఎన్‌ఏను రసాయనాలతో అక్షరం అక్షరం పేర్చి తయారుచేశారు. ఒక గొలుసును ఒక బ్యాక్టీరియాలో, రెండోదాన్ని ఇంకో బ్యాక్టీరియాలో చేయించి, బయట కలిపారు. 1982లో అది మందుల షాపులకు వచ్చింది. జన్యు ఇంజనీరింగ్‌తో చేసి మనుషులకు అనుమతించిన మొదటి మందు అదే.

రోజుకు ఒకసారి వేసుకునే గ్లార్జిన్ లాంటివి ఇంకో అడుగు ముందుకెళ్లాయి. జన్యువులో కొన్ని అక్షరాలు కావాలని మార్చి, చర్మం కింద మెల్లగా కరిగేలా చేశారు. అమ్మగారు ఏది వాడుతున్నారో డాక్టరుగారిని అడిగి చెప్పించండి. ఈలోగా మాత్రం ఒక్క డోసు కూడా మానిపించొద్దు.

ప్రశ్న: సీడ్‌లెస్ పుచ్చకాయ, హైబ్రిడ్ టమాటా, బ్రాయిలర్ కోడి... ఇవన్నీ జీఎం అని వాట్సాప్‌లో వచ్చింది. ఇంక ఏం వండుకోవాలండీ?
— గృహిణి, విజయవాడ

ఇందులో ఒక్కటీ జీఎం కాదండీ. హైబ్రిడ్ అంటే రెండు రకాల మధ్య పరాగ సంపర్కం. గింజలేని పుచ్చకాయ, రెండేసి ఉండాల్సిన క్రోమోజోములు మూడేసి ఉండటం వల్ల వచ్చింది. బ్రాయిలర్ తరతరాలుగా ఏరి పెంచిన జాతి. మన దేశంలో వ్యాపారానికి సాగవుతున్న జీఎం పంట పత్తి ఒక్కటే. బీటీ వంకాయ దగ్గరిదాకా వచ్చింది. అప్పటి పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ హైదరాబాద్‌తో సహా పలు నగరాల్లో బహిరంగ చర్చలు పెట్టి, 2010 ఫిబ్రవరిలో ఆపేశారు. కాబట్టి మీ గుత్తి వంకాయకు ఢోకా లేదు. పత్తి గింజల నూనె మాత్రం వంట నూనెల్లో కలుస్తుంది. రిఫైన్ చేసిన నూనెలో ప్రోటీన్ గానీ డీఎన్‌ఏ గానీ దాదాపు మిగలదు. వండుకోండి.

ప్రశ్న: బీటీ విత్తనం వేస్తే పురుగు రాదన్నారు. ఇప్పుడు గులాబీ పురుగు కాయలన్నీ తొలిచేస్తోంది. మందులు కొట్టీ కొట్టీ అప్పులపాలయ్యాం. కంపెనీల మోసమా, విత్తనం నకిలీదా, మా ఖర్మా?
— రైతు, ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా

అన్నా, నీ ఖర్మ కాదు. మొదటి నుంచీ చెబుతా, విను.

మట్టిలో ఉండే బాసిల్లస్ తురింజియెన్సిస్ అనే బ్యాక్టీరియా ఒక ప్రోటీన్ తయారుచేస్తుంది. బీటీ అంటే ఆ పేరులోని పొడి అక్షరాలే. గొంగళి పురుగు కడుపు మన కడుపులా పుల్లగా ఉండదు, క్షారంగా ఉంటుంది. అక్కడ ఆ ప్రోటీన్ విషంగా మారి, పేగు గోడ మీద తనకు సరిపడే గ్రాహకాన్ని, అంటే అతుక్కునే చోటును పట్టుకుని చిల్లులు పొడుస్తుంది. పురుగు తిండి మానేసి చస్తుంది. మనిషి పేగులో, పశువు పేగులో ఆ గ్రాహకం లేదు. ఆ ప్రోటీన్ తయారుచేసే జన్యువును పత్తిలో పెట్టారు. పెట్టింది ఎవరనుకున్నావు? అగ్రోబాక్టీరియం అనే ఇంకో మట్టి బ్యాక్టీరియా. మొక్కల కణాల్లోకి తన డీఎన్‌ఏ ముక్కను దూర్చి, కాండం మీద కంతి పుట్టించడం దాని జబ్బు లక్షణం. శాస్త్రవేత్తలు దాని డీఎన్‌ఏలో కంతి పుట్టించే భాగం తీసేసి, ఆ చోట తమకు కావాల్సిన జన్యువు పెట్టారు. దూర్చే పని అదే చేసిపెట్టింది. అలా అమెరికాలో కోకర్ అనే పత్తి రకంలో పెట్టినదాన్ని ఇక్కడి హైబ్రిడ్లలోకి సంకరం చేసి తెచ్చారు. 2002లో మన దేశంలో అనుమతి వచ్చింది.

అంతకుముందు మా నాన్న పత్తికి మందు కొట్టని వారం ఉండేది కాదు. శనగపచ్చ పురుగు అలాంటిది. బీటీ వచ్చాక దాని బెడద నిజంగానే తగ్గింది, ఇది నేను మా చేలో చూసిందే. 2002లో వచ్చిన మొదటి మూడు హైబ్రిడ్లు మన రాష్ట్రంలో సరిగా పండలేదు, 2005లో వాటికి ఇక్కడ అనుమతి పొడిగించలేదు. తర్వాత వేరే హైబ్రిడ్లు వచ్చాయి. 450 గ్రాముల ప్యాకెట్ ధర 1,600 పైనే ఉంటే, అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గుత్తాధిపత్య వ్యతిరేక కమిషన్‌కు ఎక్కి, 2006లో 750కి దింపించింది. ఆ ఏడాదే రెండు బీటీ జన్యువులున్న బీజీ-2 వచ్చింది.

మరి గులాబీ పురుగు సంగతి? శనగపచ్చ పురుగు శనగ తింటుంది, కంది తింటుంది, టమాటా తింటుంది. బీటీ లేని ఆ పంటల మీద బతికిన పురుగులు బీటీని తట్టుకోవడం నేర్చుకోవు. పత్తి చేలో మిగిలిన మొండి పురుగులతో అవి జతకడితే పుట్టే సంతానం మళ్లీ బీటీకి లొంగుతుంది. గులాబీ పురుగుకు ఆ వీలు లేదు, దాని బతుకంతా పత్తి మీదే. ఊరంతా బీటీ పత్తే అయితే, చచ్చేవి చచ్చి, ఏ కొద్దిగానో తట్టుకున్నవే మిగిలి, వాటిలో అవే జతకడతాయి. దాని పేగులోని గ్రాహకం మారిపోయి విషం అతుక్కోవడం మానేసింది. గుజరాత్‌లో మొదటి బీటీ జన్యువును ఇది తట్టుకుందని 2010లో ఆ జన్యువు తెచ్చిన మోన్‌శాంటో కంపెనీయే ఒప్పుకుంది. ఆ తర్వాత కొన్నేళ్లకే బీజీ-2 కూడా దానికి చాలలేదు.

దీన్ని ఆపడానికే బీటీ ప్యాకెట్‌తో పాటు 120 గ్రాముల మామూలు పత్తి విత్తనం ఇచ్చేవారు, చుట్టూ వరసలు వేయమని. గుర్తుందా? ఎంతమంది వేశారు? గట్టు మీద పారేశారు. పురుగు పట్టే పత్తి చేతులారా ఎవరు వేసుకుంటారని మా ఊళ్లో నవ్వారు. నేను రైతును తప్పుపట్టను. అది ఎందుకో ఆ రైతుకు కూర్చోబెట్టి చెప్పినవాడు లేడు. అమ్మేటప్పుడు 'పురుగు రాదు' అన్నవాడు, 'ఈ చిన్న ప్యాకెట్ వేయకపోతే పదేళ్లకు వస్తుంది' అనలేదు.

ఇంకో కారణం ఎవరూ పెద్దగా మాట్లాడరు. మనం వేసేవి హైబ్రిడ్లు. వాటిలో బీటీ జన్యువు ఒక తల్లిదండ్రి వైపు నుంచే వస్తే, ఒకే కాయలో కొన్ని గింజల్లో విషం ఉంటుంది, కొన్నింట్లో ఉండదు. గులాబీ పురుగు కాయలో దూరి గింజ నుంచి గింజకు పోతూ తింటుంది. అదే దానికి పాఠశాల అయింది. పైగా మన హైబ్రిడ్లు నెలల తరబడి చేలో ఉంటాయి. జనవరి దాటాక కూడా ఇంకో తీత వస్తుందని ఉంచితే, పురుగుకు వచ్చే ఏటికి వంతెన వేసినట్టే.

కాబట్టి చేయగలిగింది ఇంతే. తక్కువ కాలం రకం ఎంచుకో. పూత దశ నుంచే లింగాకర్షక బుట్టలు పెట్టి రెక్కల పురుగుల్ని లెక్కపెట్టు. రేకులు విచ్చుకోని గుడ్డి పూలు కనిపిస్తే కోసి నాశనం చేయి. చివరి తీత కోసం ఆశపడకుండా పంట తీసేసి, పత్తి కట్టెను చేలో గానీ గట్టున గానీ ఉంచకు. నీ ఒక్కడి చేలో చేస్తే చాలదు, ఊరంతా చేయాలి. ఇక 'బీజీ-3' అని, గడ్డి మందు కొట్టినా చావదని లూజు సంచుల్లో అమ్ముతున్నారే, దానికి అనుమతి లేదు. అందులో కొత్తగా చేరింది గడ్డి మందును తట్టుకునే జన్యువు, గులాబీ పురుగును చంపేది కాదు. రేపు మొలవకపోతే బిల్లు ఉండదు, నష్టపరిహారం ఉండదు.

ప్రశ్న: కరోనా టీకా వేసుకున్నాం. అది మన డీఎన్‌ఏను మార్చేస్తుందని ఇప్పటికీ అంటున్నారు. టెన్షన్‌గా ఉంది.
— పాఠకురాలు, కర్నూలు

టెన్షన్ వద్దు. మీరు వేసుకున్నది ఏ టీకానో చూసుకోండి, జవాబు అక్కడే ఉంది. కోవాగ్జిన్ అయితే అసలు జన్యు ఇంజనీరింగే లేదు. వైరస్‌ను కణాల్లో పెంచి, రసాయనంతో చంపి ఇచ్చిన పాతకాలం పద్ధతి. కోవిషీల్డ్‌లో చింపాంజీలకు జలుబు తెచ్చే ఒక వైరస్‌ను, లోపల పెరగలేకుండా కొన్ని జన్యువులు తీసేసి, అందులో కరోనా కొమ్ము ప్రోటీన్ జన్యువు పెట్టారు. అది మన కణంలోకి వెళ్లి కొన్నాళ్లు ఆ ప్రోటీన్ చేయిస్తుంది. మన క్రోమోజోముల్లో అతుక్కోవడానికి కావాల్సిన సరంజామా దాని దగ్గర లేదు.

మీ ఇంట్లో 2022లో పన్నెండు, పదమూడేళ్ల పిల్లలు ఉంటే వాళ్లు వేసుకున్నది కోర్బెవాక్స్ అయి ఉంటుంది. హైదరాబాద్‌లో బయలాజికల్ ఇ అనే కంపెనీ తయారుచేసింది. కొమ్ము ప్రోటీన్‌లో ఒక ముక్కకు సంబంధించిన జన్యువును పికియా అనే ఈస్ట్‌లో పెట్టి, ఆ ప్రోటీన్‌ను మాత్రం శుద్ధి చేసి ఇస్తారు. ఇంజెక్షన్‌లో వెళ్లేది ప్రోటీన్, జన్యువు కాదు. ఈ దారి మనకు కొత్తా కాదు. హైదరాబాద్‌లోనే శాంతా బయోటెక్నిక్స్ 1997లో హెపటైటిస్-బి టీకాను ఇదే ఈస్ట్‌లో తయారుచేసింది. మన దేశంలో తయారైన మొదటి రీకాంబినెంట్ (జన్యువు కలిపి చేసిన) టీకా అది. అంతకుముందు దిగుమతి టీకా మామూలు ఉద్యోగి కొనలేనంత ధర ఉండేది. ఇప్పుడు పసిపిల్లలకు ఆరు, పది, పద్నాలుగు వారాలకు ప్రభుత్వం ఉచితంగా వేసే పెంటావాలెంట్‌లో ఆ హెపటైటిస్-బి భాగం ఇలాంటి ప్రోటీనే. జన్యు ఇంజనీరింగ్ అంటే భయపడే తల్లులు కూడా పిల్లల్ని ఎత్తుకుని వరుసలో నిలబడి అది వేయిస్తున్నారు, వేయించాలి కూడా.

ప్రశ్న: 'కమల' అనే కొత్త వరి వచ్చిందట, జన్యు సవరణ చేశారట. అది జీఎం కాదంటున్నారు. జన్యువు ముట్టుకున్నాక జీఎం కాకపోవడం ఏమిటి?
— పాఠకుడు, తెనాలి

మీరు బాపట్ల పక్కనే ఉన్నారు కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను. సాంబ మసూరిని, మన భాషలో బీపీటీని, బాపట్ల పరిశోధన కేంద్రం 1986లో విడుదల చేసింది. సన్నబియ్యం అంటే ఇప్పటికీ అదే. కానీ దానికి బ్యాక్టీరియా ఎండాకు తెగులు వస్తుంది, పంట కాలం కూడా ఎక్కువ. దీన్ని బాగుచేయడానికి మన దగ్గరే రెండు వేర్వేరు దారుల్లో పోయారు.

మొదటిది రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థ, సీసీఎంబీ (హైదరాబాద్‌లోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రం) కలిసి చేసిన మెరుగైన సాంబ మసూరి, 2008. ఎండాకు తెగులును తట్టుకునే మూడు జన్యువులు వేరే వరి నుంచి మామూలు సంకరంతోనే తెచ్చారు. కాకపోతే ప్రతి తరంలో ఆ మూడూ వచ్చిన మొక్క ఏదో డీఎన్‌ఏ గుర్తులతో పరీక్షించి ఏరారు. కరోనాలో ఆర్‌టీపీసీఆర్ అన్నామే, ఆ పీసీఆరే ఇక్కడా పనిముట్టు. 95 డిగ్రీలకు వేడి చేస్తే డీఎన్‌ఏ పోగులు విడిపోతాయి, చల్లారిస్తే ప్రైమర్లు అనే పొట్టి డీఎన్‌ఏ ముక్కలు అతుకుతాయి, 72 దగ్గర ఎంజైము కొత్త పోగు అల్లుతుంది. ముప్పై సార్లు తిప్పితే ఒక ముక్క వంద కోట్లకు పైగా అవుతుంది. ఇందులో జన్యు ఇంజనీరింగ్ లేదు, కానీ దాని పనిముట్లు ఉన్నాయి.

రెండోది మీరు అడిగిన కమల, అంటే డీఆర్‌ఆర్ ధాన్ 100. అదే రాజేంద్రనగర్ సంస్థ చేసింది, 2025 మే నెలలో ప్రకటించారు. ఇందులో క్రిస్పర్ అనే, డీఎన్‌ఏను చెప్పిన చోట కోసే పనిముట్టు వాడారు. జెన్నిఫర్ డౌడ్నా, ఎమాన్యుయెల్ షార్పెంటియే 2012లో దీన్ని పనిముట్టుగా మలిచి 2020లో నోబెల్ అందుకున్నారు. ఎకో ఆర్‌వన్‌కు ఆరక్షరాలు కనబడితే చాలు, ఎక్కడైనా కోస్తుంది. క్రిస్పర్‌కు ఇరవై అక్షరాల గైడ్ ఆర్‌ఎన్‌ఏ ఇస్తాం, కోట్లకొద్దీ జన్యు అక్షరాల మధ్య ఆ చోటు వెతుక్కుని కోస్తుంది. తెగిన చోటును కణం తనే హడావిడిగా అతుక్కుంటుంది. అతుకులో ఒకటి రెండు అక్షరాలు పోతాయి, జన్యువు మూగబోతుంది. వరిలో సీకేఎక్స్2 అనే జన్యువు కంకిలో గింజలు పెంచే హార్మోనును విరగ్గొడుతూ ఉంటుంది. దాన్ని అలా తగ్గించారు. గింజలు పెరిగాయి. దిగుబడి 19 శాతం ఎక్కువ, పంట 20 రోజులు ముందు అని ప్రకటనలో చెప్పారు.

చివరి మొక్కలో బయటి జన్యువు ఏదీ మిగలదు. కోసిన ఎంజైము జన్యువును కూడా తర్వాతి తరంలో ఏరి తీసేస్తారు. అందుకే కేంద్రం 2022లో ఇలాంటివాటిని జీఎం పంటల నిబంధనల నుంచి మినహాయించింది. ఇది సరైనదేనా అంటే, పత్తి అనుభవం ఉన్న నాలాంటివాళ్లకు ఒక సందేహం మిగులుతుంది. బయటి జన్యువు లేకపోవచ్చు, కానీ పొలంలో ఏం జరుగుతుందో కొన్ని సీజన్లు గట్టిగా చూసి, ఆ లెక్కలు అందరికీ కనబడేలా పెట్టాలి. ప్రకటనలో అంకె వేరు, తెనాలి మాగాణిలో బస్తాల లెక్క వేరు. సంస్థ మీద నాకు గౌరవం ఉంది, దాంతోపాటే ఈ కోరికా ఉంది.

ప్రశ్న: మా అబ్బాయిని బీటెక్ బయోటెక్నాలజీలో చేర్చమంటారా? సీటు ఇస్తామని ఒక కాలేజీ వాళ్లు రోజూ ఫోన్ చేస్తున్నారు.
— తండ్రి, హన్మకొండ

రోజూ ఫోన్ చేసే కాలేజీ అంటేనే నాకు అనుమానం. బీటెక్‌తో వెంటనే పెద్ద జీతం అనుకుంటే మాత్రం ఇది ఆ కోర్సు కాదు, ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ దాకా ఓపిక కావాలి. శామీర్‌పేట దగ్గర జీనోమ్ వ్యాలీలో ఉద్యోగాలు ఉన్నాయి. కానీ అక్కడ ఇంటర్వ్యూలో థియరీ అడగరు, 'చేతులతో ఏం చేశావు' అని అడుగుతారు.

అబ్బాయిని తీసుకుని, ముందు చెప్పకుండా ఒక పనిదినం ఆ కాలేజీకి వెళ్లండి. ల్యాబ్ అటెండర్‌తో మాట కలిపి మైనస్ 20 ఫ్రీజర్ ఏదో చూపించమనండి. తలుపు తీస్తే ఎంజైముల డబ్బాలు ఉండాలి, వాటి మీద గడువు తేదీ ఈ ఏటిదో వచ్చే ఏటిదో ఉండాలి. ఈ సంవత్సరం పిల్లలు తీసిన జెల్ ఫొటోలు అడగండి. రికార్డు పుస్తకాలు తిరగేయండి. అందరి రికార్డులోనూ ఒకే ఫొటో జిరాక్స్ చేసి అంటించి ఉంటే, ఫీజు కట్టకుండా బస్సెక్కి వచ్చేయండి.